‘మీ ఇష్టం అమ్మా’ అంటే ఒప్పుకున్నట్టు కాదు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, “అక్కా, దాన్ని హెచ్‌ఎం గారు రెండు బళ్లు కలిపే రిపోర్టు రాయమన్నారట” అని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు, కంప్యూటర్ వచ్చు కదా అని నీ నెత్తిన పెట్టారు, అంతే. నువ్వేమో అది చాలదన్నట్టు లండన్ నుంచి మీ అన్నయ్య పంపిన సమానత్వం ఫారం కూడా నింపుతానన్నావట. వాడు దాన్ని నాకూ పంపాడు. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాను.

మంచి ఫారమే. అక్కడ 2010లో చేసిన ఈక్వాలిటీ చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఏదైనా నిర్ణయం తీసుకునేముందు అది ఎవరి మీద ఎలా పడుతుందో ఆలోచించుకోవాలి, 149వ సెక్షన్ అట. వయసు, వైకల్యం, జాతి, మతం, ఆడా మగా, గర్భిణులు, ఇలా మొత్తం తొమ్మిది. అందులో కులం మాటే లేదు. చేర్చాలని అక్కడి మనవాళ్లు ఏళ్ల తరబడి అడిగితే, కోర్టు తీర్పులు చాల్లే అని 2018లో అక్కడి ప్రభుత్వం పక్కన పెట్టేసిందట. వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. నువ్వు మాత్రం పెన్సిల్‌తో పదో గడి గీసుకో. మన దగ్గర మొదట నింపాల్సింది అదే.

పిల్లల సంఖ్య, గదులు, టీచర్లు, బళ్ల వివరాలు ఎక్కించే యూడైస్ లెక్కలు ఒక పూట పని, వాటి గురించి నేను చెప్పక్కర్లేదు. అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు, ఒకటి నుంచి అయిదు దాకా కిలోమీటరు లోపు బడి, ఇవన్నీ నీకు పరీక్షలో వచ్చే ఉంటాయి.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

2017 వేసవి. నేను స్కూల్ కాంప్లెక్స్ హెచ్‌ఎంని, చుట్టుపక్కల బళ్ల సంగతి కూడా నేనే చూడాలి. పిల్లలు తక్కువున్న బళ్ల మీద మూడు రోజుల్లో రిపోర్టు కావాలని పై నుంచి ఫోన్. మా లిస్టులో రెండు బళ్లు: ఊరి బడిలో 41 మంది, ఇద్దరు టీచర్లు. పల్లె, అంటే దళితవాడ, బడిలో 17 మంది, ఒకే టీచరు. ఆవిడ సెలవు పెడితే బడికి తాళమే. అయిదు తరగతుల పిల్లలూ ఒకే గదిలో, ఒకే బోర్డుని నిలువునా గీత గీసి రెండు చేసి, ఇటు లెక్కలు అటు తెలుగు. కలిపితే ఈ పిల్లలకే మేలని నేను నిజంగానే అనుకున్నాను. ఇప్పటికీ అదంతా తప్పు ఆలోచన అనుకోవడం లేదు, ఒక్క టీచరుతో పల్లె పిల్లల్ని అలా వదిలేయడం కూడా అన్యాయమే. అందుకే నిన్ను కలపొద్దని రాయమని చెప్పడం లేదు, కంగారు పడకు.

దూరం ఎలా కొలిచానో తెలుసా? మీ పెదనాన్న స్కూటర్ వెనక కూర్చుని. మీటరు చూసి 800 మీటర్లు అన్నారాయన, రాసుకున్నాను. మధ్యలో వాగు, దాని మీద చప్టా. ఏప్రిల్ నెల, వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు, చప్టా కింద నీడన మేకలు పడుకుని ఉన్నాయి. అది చూసి కూడా నాకు ఏమీ తోచలేదు. “రోడ్డు సౌకర్యం కలదు” అని రాశాను.

తర్వాత తల్లిదండ్రుల మీటింగు. పొద్దున పదకొండుకి, ఊరి బడిలో పెట్టాను. మిరపకోతలు ఇంకా అయిపోలేదు, పల్లెలో మనుషులన్నవాళ్లు తెల్లారకముందే ఆటో ఎక్కి వెళ్లిపోతారని తెలిసీ పెట్టాను, నాకు ఆ టైమే వీలు. ఊళ్లోవాళ్లు ఇరవై మంది దాకా వచ్చారు. పల్లె నుంచి ఇద్దరు, ఒక ముసలాయన, చంటిపిల్లని ఎత్తుకున్న ఒకమ్మాయి. గుమ్మం దగ్గరే నిలబడ్డారు. కూర్చోండి అన్నాను. “పర్లేదమ్మా” అన్నారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బడి కలుపుతున్నాం, మీ పిల్లలు ఇక్కడికి రావాలి, మీకేమైనా అభ్యంతరమా అని అడిగాను. ఆ ముసలాయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, “మీ ఇష్టం అమ్మా” అన్నాడు.

నేను “అభ్యంతరం లేదు” అని రాసి సంతకం చేశాను.

ముప్పై ఏళ్లు టీచర్ని, తెలుగు వాచకం పాఠాలు చెప్పినదాన్ని, ‘మీ ఇష్టం’ అనే మాటకి మనిషిని బట్టి, నిలబడ్డ చోటుని బట్టి అర్థం మారుతుందని తెలియనిదాన్నా? నా మొగుడు ‘నీ ఇష్టం’ అంటే గొడవ. మీ అమ్మ అంటే అలక. ఆ గుమ్మం దగ్గర ఆయన అన్నది, కాదంటే మాత్రం వింటారా అని. నాకు వినపడింది, అమ్మలూ. సాయంత్రంలోగా కాగితం పంపాలి కాబట్టి వినపడనట్టు రాసుకున్నాను. మనం ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లం, మనకి ఈ చెవుడు కొంచెం తేలిగ్గానే వస్తుంది.

జూన్‌లో కలిశారు. జులై దాకా బాగానే ఉంది. ఆగస్టులో పైన ఎక్కడో వాన పడి, మా దగ్గర చినుకు కూడా లేకుండానే చప్టా మీదకి నీళ్లొచ్చాయి. పెద్దవాళ్లకి మోకాలు లోతు. మూడో తరగతి పిల్ల, ఒకటో తరగతి తమ్ముడి చెయ్యి పట్టుకుని దిగింది. ఎరువు బస్తాలు తీసుకెళ్తున్న రైతు ఒకాయన చూసి ఇద్దర్నీ లాగాడు, దేవుడి దయ, సంచి ఒక్కటే పోయింది. అది కింద తుమ్మచెట్టుకి తట్టుకుంటే మర్నాడు తెచ్చిచ్చారు. పుస్తకాలు బడి కిటికీలో ఆరబెట్టాను. తెలుగు వాచకం ఆరాక ఉబ్బి రెండింతలైంది, ఎంత నొక్కినా మూసుకోదు. దాని మీద ఇటుక పెట్టాను. ఆ పిల్ల మళ్లీ రాలేదు, ఆ పుస్తకం అలాగే ఇటుక కింద దసరా సెలవుల దాకా ఉంది.

ఇంకా సిగ్గుపడే సంగతి ఏమిటంటే, విద్యాహక్కు చట్టానికి 2010లో కేంద్రం చేసిన నిబంధనల్లో ఒకటి ఈ మాటే చెబుతుంది. వరదలు, రోడ్లు లేకపోవడం, దారిలో చిన్నపిల్లలకి ప్రమాదం ఉన్నచోట ఆ కిలోమీటరు హద్దుని కూడా తగ్గించి బడి పెట్టాలని. వైకల్యం వల్ల రాలేని పిల్లలకి బండి ఏర్పాటు చెయ్యాలని కూడా అక్కడే ఉంది. నేను అది చదివింది డిసెంబర్‌లో.

డిసెంబర్‌కి లెక్క వేసుకున్నాను. రిజిస్టర్లో 58 మంది పక్కాగా ఉన్నారు, టీసీలు మూకుమ్మడిగా మారాయి కాబట్టి కాగితం మీద ఒక్కరూ తగ్గలేదు. పల్లె పిల్లలు పదిహేడు మందిలో వస్తున్నది ఎనిమిది మంది. ముగ్గురు ప్రైవేటు బడి వ్యాను ఎక్కారు, వాళ్లలో ఇద్దరి ఇళ్లలో అప్పు చేసి ఫీజు కట్టారు. ఆరుగురు ఎక్కడా లేరు. ఆ ఆరుగురిలో నలుగురు ఆడపిల్లలు. ఎందుకో అడగడానికి వెళ్తే అప్పుడు తెలిసింది, పాత బడి గోడ పక్కనే అంగన్‌వాడీ. వీళ్లు పొద్దున చంటివాళ్లని అక్కడ దింపి, ఇటు బడిలో కూర్చుని, మధ్యలో ఒకసారి చూసొచ్చేవాళ్లు. బడి వాగు అవతలికి పోయింది, అంగన్‌వాడీ ఇక్కడే ఉంది, తల్లి కూలికి పోవాలి. ఇంక ఆ పిల్ల ఎక్కడ ఉంటుంది? నీ ఫారంలో ‘ఆడపిల్లల మీద ప్రభావం’ అనే గడి ఉంది చూడు, దాంట్లో అందరూ టాయిలెట్ల గురించి రాసి ఊరుకుంటారు. నువ్వు అంగన్‌వాడీ ఎక్కడుందో కూడా రాయి.

వంటామె సంగతి. పల్లె బడిలో వండే ఆవిడకి నెలకి 1000 రూపాయలు వచ్చేవి, అప్పట్లో అంతే, 2019లో కదా మూడు వేలు చేసింది. కలిశాక ఊరి బడి వంట ఏజెన్సీ ఒక్కటే ఉంచారు. ఎందుకు ఊరామెనే ఉంచారని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. పల్లె ఆవిడ వండితే ఊళ్లో కొంతమంది తమ పిల్లల్ని అన్నానికి ఇంటికి పిలిపించుకుంటారని నాకు లోపల భయం. ఆ భయాన్ని ‘సీనియారిటీ’ అని పేరు మార్చి రాసుకున్నాను.

మంచినీళ్ల దగ్గర నిలబడి చూడు. ఇది నా పిచ్చి అని మీ పెదనాన్న అంటారు. 1985లో నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. అంతమందిని చంపేదాకా పోయిన ఆ గొడవ మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైంది. అప్పట్నుంచి ఏ బడికి వెళ్లినా నా చూపు ముందు బిందె మీదకి, గ్లాసు మీదకి పోతుంది. ఎవరు ముంచుకుంటున్నారు, ఎవరికి పై నుంచి పోస్తున్నారు. రిపోర్టుకి పనికిరాదనుకోకు, పనికొస్తుంది.

కొన్ని మాత్రం ఎవరి దురుద్దేశమూ లేకుండానే జరుగుతాయి, వాటితోనే ఎక్కువ జాగ్రత్త. మా దగ్గర అటెండెన్స్ రిజిస్టర్ అడ్మిషన్ నంబర్ల వరసలో ఉండేది. కొత్తగా చేరిన పల్లె పిల్లల నంబర్లు సహజంగా చివర. టీచరు అదే వరసలో కూర్చోబెట్టింది. ఆ వరసలోనే పుస్తకాలు, ఆ వరసలోనే అన్నం. చాలా మంచి అమ్మాయి, ఎవర్నీ ఒక మాట అనేది కాదు. కానీ తలుపు దగ్గర నిలబడి చూస్తే ఊరు ముందు, పల్లె వెనక. నేను రెండు నెలలు ఆ గదిలోకి వెళ్తూ వస్తూ గమనించలేదు. కలిపిన రోజే రెండు రిజిస్టర్లూ పక్కన పడేసి అక్షర క్రమంలో కొత్తది రాయించు, తెల్ల కాగితం మీదైనా సరే.

ఇప్పుడు నీ బళ్ల సంగతి. తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూల్ కోసం అంటున్నారు కాబట్టి ఉద్దేశం మంచిదే. 2022లో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్లకి పంపినప్పుడు ఎంత గొడవైందో, చివరికి 2025లో దాన్ని ఎలా వెనక్కి తీసుకున్నారో అందరికీ గుర్తే, అందుకని ఈసారి బడి యాజమాన్య కమిటీ సమ్మతి అంటూ జాగ్రత్తగా అడుగుతున్నారు. కానీ సమ్మతి ఎలా వస్తుందో నీకు పైన చెప్పాను. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఉన్నారో లేదో కాదు, మాట్లాడారో లేదో చూడు. మీటింగు రాత్రి ఏడున్నరకి, పల్లెలో, చర్చి అరుగు మీదో రామాలయం ముందో, వాళ్లు ఎక్కడ కూర్చుంటారో అక్కడ పెట్టు. నువ్వు కింద కూర్చో. “అభ్యంతరమా” అని అడగొద్దు, “వానాకాలం పిల్లల్ని ఎలా పంపుతారు” అని అడుగు. అప్పుడు మాటలొస్తాయి. వచ్చినవి వచ్చినట్టు రాసుకో, మన మాటల్లోకి మార్చకు.

ఇంకొకటి, ఇది అడగడానికి నీకు ధైర్యం చాలకపోవచ్చు. మీ పల్లె బడికి నాడు-నేడు పథకంలో కొత్త గదులు, కొత్త టాయిలెట్లు వచ్చాయని నువ్వే ఫోటో పెట్టావు. మరి ఊరి పిల్లలు అక్కడికి ఎందుకు వెళ్లకూడదు? కలపడం అంటే ఎప్పుడూ ఒక వైపువాళ్లే నడవాలా? హెచ్‌ఎం గారు నవ్వుతారు, ఊళ్లో పెద్దమనుషులు నవ్వరు. నీకు ప్రొబేషన్ ఇంకా అయిపోలేదు, నాకు అదే భయం, అందుకే ఈ మాట రాయాలా వద్దా అని పొద్దున్నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రాసేశాను. గొడవ పడొద్దు. రిపోర్టులో రెండో ప్రత్యామ్నాయం అని నాలుగు లైన్లు పెట్టు, రెండు వైపులా దూరం, గదులు, నీళ్లు అంకెలతో పెట్టు, నీ అభిప్రాయం రాయకు. అంకెల మీద ఎవరూ నీతో కొట్లాడలేరు. ఎవరైనా ఏమైనా అంటే మా పెద్దమ్మ రాయమంది అని చెప్పు, రిటైరైనదాన్ని, నన్నేం చేస్తారు?

కలిపాక కూడా పని అయిపోలేదు. పల్లె పిల్లల పేర్లు విడిగా ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, మూడు నెలలకొకసారి ఎవరు వస్తున్నారో పేరు పేరునా చూడు. శాతాలు వద్దు. నా రిపోర్టులో శాతాలన్నీ బాగానే ఉన్నాయి.

తమ్ముడితో వాగులో దిగిన ఆ పిల్లని నేను రెండేళ్ల తర్వాత మిరపతోటలో చూశాను. నన్ను గుర్తుపట్టి “మేడమ్ గారూ” అని నవ్వింది. చేతులు కారానికి మండుతున్నాయేమో, అరచేత్తో కాకుండా మోచేత్తో ముఖం తుడుచుకుంది. మళ్లీ బడికి వస్తావా అని అడిగాను. ఏమందో నీకు తెలుసు.

ఆదివారం నువ్వు దారి కొలవడానికి వెళ్తానన్నావు కదా. స్కూటీ మీద వెళ్లకు, నడిచి వెళ్లు, ఒకటో తరగతి పిల్లాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకుని వాడి నడకలో ఎన్ని నిమిషాలో చూడు. చప్టా ఎత్తు కొలువు, పోయిన వానాకాలం నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్క పొలం వాళ్లని అడుగు, గోడ మీద మరక ఉంటే ఫోటో తీయి. నీళ్లుంటే మాత్రం దిగకు, పాదం లోతైనా సరే, వెనక్కి వచ్చెయ్. వచ్చాక నాకు ఫోన్ చెయ్యి. రాత్రి తొమ్మిదిన్నర దాకా మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ