జేఆర్‌ఎఫ్ వచ్చిన అమ్మాయికి మెడికల్ కోడింగ్ ఎందుకు?

ప్రశ్న: మాది ఆదోని. ఎస్సీ కుటుంబం, మార్కెట్ యార్డులో హమాలీ పని చేస్తాను. మా అమ్మాయి అనంతపురంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివి సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో, పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ సాధించింది. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చింది. మా ఇంట్లో ఇంత చదివినవారు లేరు. అన్నేళ్లు అక్కడ నెగ్గుకు రాగలదా? పెళ్లీడు కూడా వచ్చింది. మెడికల్ కోడింగ్ నేర్పిస్తే వెంటనే ఉద్యోగం అంటున్నారు. ఏది మేలు?

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మీ అసలు భయం ఆ ప్రయోగశాలలో మన పిల్ల ఒంటరిదైపోతుందేమోనని. కర్నూలు, అనంతపురం జిల్లాల తల్లిదండ్రులు ఈ మాటే రకరకాలుగా అడుగుతుంటారు. జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నాక ఆమె తెలివిని శంకించే హక్కు ఎవరికీ లేదు, మీకు కూడా.

మెడికల్ కోడింగ్ అంటే ప్రధానంగా అమెరికా రోగుల రికార్డులు చదివి, జబ్బుకూ చికిత్సకూ బీమా బిల్లుల కోసం ఐసీడీ-10 వంటి సంకేతాలు వేయడం. గౌరవమైన పనే, కాదనను. అయితే దానికి డిగ్రీ చాలు, జేఆర్‌ఎఫ్ అక్కరలేదు; పైగా అందులో సులువైన భాగాన్ని సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చేస్తోంది. ‘నూరు శాతం ఉద్యోగం’ అని బోర్డు పెట్టేది జీతమిచ్చే కంపెనీ కాదు, ఫీజు తీసుకునే శిక్షణ కేంద్రం. జేఆర్‌ఎఫ్ కింద నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత సమీక్షలో నెగ్గితే 42,000 ఇచ్చి చదివిస్తామంటుంటే వద్దని, ఎదురు ఫీజు కడతాననడం ఏమి లెక్కండీ? పెళ్లి సంగతికి వస్తే, యూజీసీ 2022 నిబంధనలు పీహెచ్‌డీకి ఆరేళ్ల గడువిచ్చి, మహిళలకు మరో రెండేళ్ల సడలింపునూ 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవునూ కల్పించాయి.

ఆమెకు కొరవడినది తెలివి కాదు, ఇంట్లో చెప్పేవారు. ప్రయోగశాలలో పెంచుతున్న కణాల కల్చర్‌కు బూజు పట్టి వారాల పని పారబోయవలసి వస్తే, ప్రొఫెసర్ల ఇంటి పిల్ల దాన్ని మామూలు విషయంగా తీసుకుంటుంది, ఎందుకంటే అలాంటివి చిన్నప్పటి నుంచీ వింటూనే పెరిగింది; మీ అమ్మాయి మాత్రం రిజర్వేషన్ సీటు కాబట్టే తనకు చేతకాలేదని కుమిలిపోవచ్చు. ఆ మాట ఎవరైనా పైకే అంటే ఆ విద్యాసంస్థలోని ఎస్సీ, ఎస్టీ సెల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి గానీ, సర్దుకుపొమ్మని మీరు చెప్పకూడదు.

ఫెలోషిప్ మొదటి విడత చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు కనుక, కోర్సుకని దాచిన సొమ్మును హాస్టలు ఖర్చుకు ఉంచండి. గైడును ఎంచుకునే ముందు ఆ ల్యాబులోని సీనియర్లతో ఆమెనే మాట్లాడనివ్వండి: ఇక్కడ పీహెచ్‌డీ పూర్తి కావడానికి ఎన్నేళ్లు పడుతోంది, మధ్యలో మానేసినవారు ఎందుకు మానేశారు, ప్రయోగం విఫలమైన రోజున గైడు ఏమంటారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే, ఎంత పేరున్న ల్యాబైనా వదిలి మరో గైడును చూసుకోవాలి.