మెల్‌బోర్న్ పడమటి వైపు ఫుటీ క్లబ్‌ల పాత రికార్డులు ఎలా వెతకాలి?

వెర్రిబీకి కొత్తగా వచ్చామని, బాబు ఆస్కిక్‌లో (చిన్నపిల్లలకి ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, నేర్పే కార్యక్రమం) చేరాడని, వాడి క్లబ్ చరిత్ర, పాత స్కోర్లు ఎక్కడ దొరుకుతాయని అడిగారు కదా. మేమూ అటువైపే ఉంటాం. మా పెద్దాడు ఆడే క్లబ్‌లో పాత స్కోరు పుస్తకాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని రెండేళ్ళుగా నేనే చూస్తున్నాను, కాబట్టి చేసి చూసిందే చెప్తాను.

క్లబ్ రూమ్ గోడ మీద బంగారు రంగు అక్షరాల బోర్డు ఉంటుంది. దాని దగ్గరే ఆగిపోకండి. కప్పు గెలిచిన ఏళ్ళు, కెప్టెన్లు, ఆ ఏడాది బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ (క్లబ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి) ఎవరికి, అంతే, ఓడిన ఏళ్ళ సంగతి అందులో ఉండదు. బోర్డు మీద ఖాళీలు కనబడితే ఎవరో రాయడం మర్చిపోయారని కూడా అనుకోవద్దు. యుద్ధం రోజుల్లో చాలా లీగ్‌లు ఆగిపోయాయి, వీఎఫ్ఏ (విక్టోరియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ లీగ్) అయితే 1942 నుంచి 1944 దాకా అసలు జరగలేదు, 2020లో కోవిడ్ సంగతి మనకి తెలిసిందే.

అసలు సరుకు పాత పేపర్లలో ఉంది. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ళ ట్రోవ్ వెబ్‌సైట్‌లో ఊళ్ళ పేపర్లు కూడా ఫ్రీగా చదవచ్చు, కాకపోతే ఎక్కువ భాగం 1954 దాకానే. ఆ తర్వాతవి కావాలంటే సిటీలో స్టేట్ లైబ్రరీకి వెళ్ళి మైక్రోఫిల్మ్ తిప్పాలి. కళ్ళు లాగేస్తాయి, కానీ దొరుకుతాయి.

స్కోరు చదవడంలో ఒక చిక్కుంది. 10.4 అంటే దశాంశం కాదు, 10 గోల్స్, 4 బిహైండ్స్ (గోల్ స్తంభాల మధ్య కాకుండా, వాటికీ పక్కనున్న చిన్న స్తంభాలకీ మధ్య నుంచి పోయిన బంతులు). గోల్‌కి 6, బిహైండ్‌కి 1, మొత్తం 64. అవతలి జట్టు 8.18 కొడితే 66, వాళ్ళే గెలిచినట్టు. అయితే విక్టోరియాలో 1897కి ముందు గోల్సే లెక్క, బిహైండ్స్ పేపర్లో వేసినా గెలుపోటములకి పనికిరావు, అంటే ఇదే మ్యాచ్ ఆ రోజుల్లో 10 గోల్స్ జట్టుది. ఇది తెలియక మొదట్లో నేను కొన్ని ఫలితాలు తలకిందులుగా ఎక్కించి, మళ్ళీ మొదటి నుంచి దిద్దాల్సి వచ్చింది. అలాగే వీఎఫ్ఏలో 1959 నుంచి మూడు దశాబ్దాలకు పైగా జట్టుకి 18 మంది కాదు, 16 మందే. మన ఊరి పెద్ద జట్టు వెర్రిబీ టైగర్స్ ఆ లీగ్‌లోకి వచ్చింది 1965లో. కాబట్టి అప్పటి గోల్స్ రికార్డుని ఇప్పటి కుర్రాళ్ళ లెక్కతో పక్కపక్కన పెట్టేముందు ఆ ఏటి రూల్ చూడాలి. ఆ పెద్ద జట్టు రికార్డు అడిగితే వాళ్ళు 1993లో ప్రీమియర్‌షిప్ (లీగ్ కప్పు) గెలిచారు, మళ్ళీ 2024లో, మధ్యలో 31 ఏళ్ళు. 2023 ఫైనల్లో గోల్డ్ కోస్ట్ చేతిలో ఓడి మరుసటి ఏడే గెలిచారు చూడండి, బోర్డు మీద ఆ 2023 కనబడదు, నాకు అన్నిటికంటే నచ్చే ముక్క అదే.

అన్నిటికన్నా కష్టం పేర్లు. పేపర్లో ఇంటిపేరు ఒక్కటే వేసేవారు. మా క్లబ్‌లో ఎనభై దాటిన ఒక పెద్దాయన తను 150 మ్యాచ్‌లు ఆడానంటారు, మా పుస్తకాల్లో 147 ఉన్నాయి. ఆయన తమ్ముడు కూడా అదే జట్టు. నాలుగు ఆదివారాలు కూర్చుని వెతికితే ఆ మూడు మ్యాచ్‌లూ తమ్ముడి ఖాతాలో పడి ఉన్నాయి. ఆ వారాల్లో తమ్ముడు భుజం విరిగి ఆటకి దూరంగా ఉన్నాడని అదే పేపర్లో, కింద చిన్న అక్షరాల్లో ఉంది. ప్రింట్ తీసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ లైను మీద వేలు పెట్టి రెండుసార్లు చదివారు, తర్వాత కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.