మిర్యాలగూడ అంబాసిడర్ గురించి అల్లుడికి

నల్లగొండ,
ఆదివారం రాత్రి.

అల్లుడా,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. మిర్యాలగూడలో మూతపడ్డ రైస్ మిల్లు షెడ్డులో మీ తాత నడిపిన అంబాసిడర్ దొరికిందట, నువ్వు దాన్ని కొని బాగు చేయిస్తావట, వచ్చే ఆదివారం అడ్వాన్సు కూడా ఇస్తావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. మీ అత్త పెట్టిన చాయ్ చల్లారిపోయింది. 1973లో మిల్లు సేటు ఆ బండి కొత్తది తెచ్చిన రోజు నుంచి 1995లో డ్యూటీ మానేసే దాకా మా బాపు, అదే మీ తాత, దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఆ స్టీరింగ్ పట్టుకోవాలని మన ఇంట్లో ఒక్కడికైనా అనిపించింది కదా అని గుండె నిండిపోయింది. ఆ వెంటనే భయం వేసింది. ఫోన్‌లో చెబితే 'సరే మామా, సరే మామా' అంటావు, చెవికెక్కదు. అందుకే రాస్తున్నాను.

మీ అమ్మ నీ ఫొటోలు పంపింది. పదకొండు ఉన్నాయి. బండి ముందున్న గళ్ళ జాలీ నాలుగు సార్లు తీశావు. స్టీరింగు, దాని పక్కన గేర్ రాడ్డు, డాష్‌బోర్డు, తాత కూర్చున్న సీటు అన్నీ ఉన్నాయి. బండి కింది ఫొటో ఒక్కటి లేదు. ఇంజనీరింగ్ చదివావు, ఇల్లు కొనేటప్పుడు గోడ రంగు చూసి కొంటావా బిడ్డా? డోర్ల ఎత్తు వరకు ఊక పేరుకుని ఉంది, అది నీకు కనపడలేదా? మన నల్లగొండ ఎండకు ఇనుము తొందరగా పాడవదు, సముద్రం పక్కన తిరిగిన బండితో పోలిస్తే మన బండి అదృష్టవంతురాలే. కానీ ఊక వానకాలం నీళ్ళు తాగి ఎండాకాలం దాకా పట్టుకుంటుంది. దాని కింద ఇరవై ఏళ్ళు ఉన్న రేకు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

ఇంజన్ తిరగడం లేదని దిగులు పడుతున్నావట. దాని గురించి నాకు టెన్షన్ లేదు. అది 1489 సి.సి. పెట్రోల్ ఇంజన్. అంబాసిడర్లు చేసిన ఉత్తరపరా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయినా దాన్ని విప్పి బిగించగల చేతులు ఇంకా ఉన్నాయి, సామాన్లు వెతికితే దొరుకుతాయి. వైరింగు, సీట్లు, అద్దాలు, రంగు, ఇవన్నీ డబ్బుతో అయ్యే పనులు. డబ్బున్నా కాని పని ఒకటే, బాడీ.

జీపుకు, లారీకి కింద వేరే ఛాసీ, అంటే బరువు మోసే ఇనుప చట్రం, ఉంటుంది. పైన బాడీ పాడైతే తీసి పక్కన పెట్టొచ్చు. అంబాసిడర్‌కు అట్లాంటి ఛాసీ లేదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనాతో చేసిన బండి అది, అప్పటి నుంచే బాడీయే ఛాసీ. ఫ్లోరు, డోర్ల కింద పొడవునా పోయే బాక్సు, అడ్డంగా దూలాల్లా ఉండే మెంబర్లు, డోర్ల మధ్య స్తంభాలు అన్నీ కలిసి బరువు మోస్తాయి. ముందు చక్రాలకు నువ్వు అనుకునే చుట్ల స్ప్రింగులు ఉండవు. టార్షన్ బార్లని పొడవాటి రెండు ఇనుప కడ్డీలు మెలి తిరుగుతూ బరువు ఆపుతాయి. వాటి వెనక కొసలు ఫ్లోరు కింద అడ్డ మెంబరుకు బిగించి ఉంటాయి. ఆ మెంబరు తుప్పు పట్టి పోయిందంటే ముందు చక్రాలను పట్టుకునేది లేనట్టే. వెనక చక్రాల బరువు ఆపే కమాన్ పట్టీలను బాడీకి పట్టి ఉంచే హ్యాంగర్లు బిగించిన చోటు కూడా అంతే. ఈ రెండు చోట్లూ చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకు.

చూడడం ఎట్లాగంటే, ఊకంతా తీయించు. బండిని సమంగా ఉన్న సిమెంటు నేల మీదకు నెట్టించు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. ఇవి నీకు తెలిసినవే. ఒక పాత స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకో. అయస్కాంతం అతుక్కోని చోట రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. సుత్తితో మెల్లగా కొడుతూ పో. మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు తడి మట్టికుండలా మోగుతుంది. అట్లా మోగిన చోట స్క్రూడ్రైవర్ ఆనించి గట్టిగా నొక్కు. పైపొర రాలి లోపల గట్టిగా తగిలితే బతికినట్టే. దిగబడితే ఎంత దూరం దిగబడుతుందో చూసి సుద్దముక్కతో గీత గీయి. సిగ్గుపడకు, అన్ని చోట్లా పొడువు.

తరువాత ముందు డోరు మూసి ఉంచి, అటువైపు జాకీ మెల్లగా ఎత్తించు. డోరుకు, స్తంభానికి మధ్య సందు మీద కన్ను పెట్టు. బండి లేస్తుంటే ఆ సందు మారిందంటే కింద బాక్సులో బలం లేదు, బండి నడుము విరిగింది. ఆఖరుగా, మేస్త్రీలు వాడే గుండు దారం తీసుకుని ముందు రెండు, వెనక రెండు సమానమైన బోల్టుల దగ్గర నుంచి నేల మీదకు వదిలి నాలుగు చుక్కలు పెట్టు. ఎదురు మూలలు టేపుతో కొలువు. రెండు కొలతలూ కలవకపోతే ఎప్పుడో గుద్దుకుని బాడీ మెలి తిరిగింది.

స్క్రూడ్రైవర్ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానో చెబుతాను. ఇది మీ అమ్మకు తెలియదు. చెప్పకు.

1987లో దేవరకొండ రోడ్డులో నా సొంత మెకానిక్ షెడ్డు పెట్టి ఏడాది కూడా కాలేదు. దసరా ముందు ఒక బడి పంతులు ప్రీమియర్ పద్మిని తెచ్చాడు. బందరులో ఎవరి దగ్గరో కొన్నాడు. పైన క్రీమ్ రంగు మెరిసిపోతోంది. 'కింద కొంచెం చప్పుడు వస్తోంది, చూడు నాయనా' అన్నాడు. నేను కిందికి దూరి ఎడమ వైపు కమాన్ హ్యాంగర్ పక్కన స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కాను. పిడి దాకా దిగబడింది. ఎర్రటి పొడి నా కళ్ళలో పడింది. బయటికి తీసి, కాటన్ వేస్టుతో తుడిచి, జేబులో పెట్టుకున్నాను. పైకి లేచి, 'చిన్న పనే సారూ, ప్లేటు వేస్తే సరిపోతుంది' అన్నాను.

ఎందుకన్నాను? రెండు నెలల్లో మీ అమ్మ పెళ్ళి. బాపు జీతం మండపానికే చాలేట్టు లేదు. షెడ్డులో ఇంకో బండి లేదు. తుప్పంతా కోసేసి మంచి రేకు దాకా పోవాలంటే నెల పని, అంత డబ్బు సారు ఇవ్వలేడు, తిరిగి తీసుకుపోతాడని భయం. అందుకే తుప్పు మీదే ప్లేటు పెట్టి గ్యాస్ వెల్డింగ్ చేశాను. తిన్న రేకు వేడికి కరిగి పోతుంటే ఇంకా పెద్ద ప్లేటు పెట్టాను. పైన డాంబరు పూశాను. చూసేవాళ్ళకు కొత్త పనిలా ఉంది. సారు సంతోషపడి మీ అమ్మ పెళ్ళికి చీర పెట్టాడు.

కార్తీక మాసంలో సారు, ఆయన భార్య, పిల్లలిద్దరూ శ్రీశైలం బయలుదేరారు. డిండి, మన్ననూరు దాటి, దోమలపెంట తరువాత ఘాట్ దిగుతుంటే మలుపులో బ్రేకు వేశాడు. నా ప్లేటు ప్లేటులాగే ఊడి వచ్చింది. ఎడమ కమాన్ పట్టీ ఫ్లోరును చీల్చుకుంది, వెనక యాక్సిల్ వంకర తిరిగింది, బండి కొండ వైపు పోయి గుద్దుకుంది. లోయ వైపు పోలేదు. ఆమె చెయ్యి విరిగింది. పిల్లలకు దెబ్బలు తగల్లేదు. మూడో రోజు సారు బస్సులో నా షెడ్డుకు వచ్చాడు. అరవలేదు. స్టూలు మీద కూర్చుని ఒక్క మాట అడిగాడు. 'నీకు కనపడలేదా, కనపడి ఊరుకున్నావా?'

నేను జవాబు చెప్పలేదు. ముప్పై ఏళ్ళకు పైగా అయింది, ఇప్పటికీ ఏ బండి కిందకు దూరినా నాకు ఆ మాటే వినపడుతుంది.

ఆ బండిని లారీ మీద తెప్పించి నాలుగు నెలలు పైసా తీసుకోకుండా చేశాను. అప్పుడు ఇంకో తప్పు కూడా చేయబోయాను. రెండు వైపుల డోర్ల కింది బాక్సులు ఒకేసారి కోయబోతుంటే, డ్యూటీ దిగి వచ్చిన బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. 'నడుము కోస్తే మనిషి నిలబడతాడారా' అన్నాడు. అందుకే నీకు చెబుతున్నా, ఎవరి చేత చేయించినా ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కోయాలి. డోరు ఖాళీలో అడ్డంగా పైపు వెల్డింగ్ పెట్టాలి. గ్యాస్ వద్దు, పల్చటి రేకు వేడికి వంకర పోతుంది, కరెంటుతో, తీగతో చేసే సి.ఓ.టు వెల్డింగ్ చేయమను. కొత్త రేకు 18 గేజు మందంది వాడమను. డిక్కీలోని పెట్రోల్ ట్యాంకు తీసేశాకే మంట వెలిగించాలి.

ఆ రోజు నుంచి బాపు ప్రతి ఆదివారం అంబాసిడర్‌ను నా షెడ్డుకు తెచ్చి, 'కిందికి పో, చూసి చెప్పు' అనేవాడు. చాయ్ తాగుతూ పక్కనే నిలబడేవాడు. నేను చూసిందంతా చెప్పేదాకా కదిలేవాడు కాదు. అందుకే ఆ బండి కడుపు నాకు 1995 దాకా అచ్చంగా తెలుసు. డ్రైవర్ డోరు కింద బాక్సులో జానెడు ముక్క నేను కోసి కొత్తది వేశాను, వెల్డింగ్ నున్నగా రాయి పట్టించాను. వేలితో తడిమితే తప్ప దొరకదు. వెనక హ్యాంగర్లు అప్పటికి కొత్తవాటిలా ఉండేవి. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఊక ఏం చేసిందో అదే చూడాలి.

ఇక కొనాలా వద్దా అన్నది. ఒక చోట తుప్పు తిన్నదంటే దాని చుట్టూ అతుకు పెట్టడానికి గట్టి రేకు ఉందా అన్నది చూడు. ఉంటే పని జరుగుతుంది, ఖర్చయినా జరుగుతుంది. ఫ్లోరు మొత్తం పోయినా భయపడకు, ఫ్లోరు వేసుకోవచ్చు. కానీ టార్షన్ బార్ల మెంబరు, రెండు బాక్సులు, వెనక హ్యాంగర్లు అన్నీ కలిసి పోతే అది బండి కాదు, బండి ఆకారం. అప్పుడు ఎవడో వచ్చి 'ఇంకో అంబాసిడర్ ఖాళీ బాడీ తెచ్చి నంబరు మారుద్దాం' అంటాడు. వాడిని గేటు దాటనివ్వకు. ఛాసీ నంబరు మార్చడం నేరం. పైగా ఈ బండికి యాభై ఏళ్ళు దాటాయి, 2021 నిబంధనల ప్రకారం పాత బండ్లకు ఇచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు పెట్టుకోవచ్చు. 20,000 రూపాయల ఫీజుతో పదేళ్ళకు ఇస్తారు. కానీ బండి అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌తో రోజూ ఆఫీసుకు తిరగడానికి కూడా కుదరదు. హైదరాబాద్‌లో డ్యూటీకి అందులోనే పోతానని అమ్మతో అన్నావట, ఆ ఆలోచన మానుకో. సేటు పిల్లలు ఆర్.సి. తీస్తే ముందు ఇంజన్, ఛాసీ నంబర్లు కలుస్తున్నాయో చూసుకో.

బండి దక్కకపోతే ఏడవకు. స్టీరింగ్, జాలీ వాళ్ళు ఇస్తారేమో అడుగుదాం. తాత చేతులు తగిలింది ఆ స్టీరింగ్‌కే.

వచ్చే ఆదివారం నువ్వు ఒక్కడివే పోవద్దు. పొద్దున బస్సుకు నేను మిర్యాలగూడ వస్తాను. మోకాళ్ళు నొప్పి, కిందికి దూరలేను. నువ్వు దూరు, నేను పక్కన నిలబడతాను. ముందుగా డ్రైవర్ డోరు కింద ఆ జానెడు ముక్క దగ్గర వేలు పెట్టి, ఎట్లా ఉందో చూసి చెప్పు.

మీ మామ