ఫొటోలోని వెలుతురు లోతు కాదు

మీ తాతయ్యగారి ఫొటోను 3018 మెషీన్ (కంప్యూటర్ నడిపే చిన్న సీఎన్‌సీ చెక్కుడు యంత్రం) మీద చెక్కపై చెక్కితే ముఖం గడ్డలు గడ్డలుగా వచ్చిందని, బిట్ (కోసే మొన) మార్చాలా అని అడిగారు. తప్పు బిట్‌ది కాదండి. నాకూ మా అమ్మమ్మ ఫొటోతో ఇదే జరిగింది. నుదుటి మీద ఫ్లాష్ పడి మెరిసిన చోట బొడిపె లేచింది. బొట్టు ఉన్నచోట గుంట పడింది. ఆ చెక్క చూసి చాలా బాధపడ్డాను.

ఫొటోను నేరుగా హైట్ మ్యాప్‌గా, అంటే ఎత్తుపల్లాల పటంగా మారిస్తే ప్రోగ్రాం తెలుపును ఎత్తుగా, నలుపును లోతుగా తీసుకుంటుంది. నల్లటి జుట్టు నిజానికి లోతులో లేదు కదా! దాన్ని సరిచేయాలంటే ముఖాన్ని త్రీడీలో మళ్లీ మలచాలి, అది పెద్ద పని.

నా సలహా, గీతలతో చెక్కండి. పక్కపక్కనే సమాన దూరంలో గీతలు, వెలుగునీడలను బట్టి ఒక్కో గీత సన్నబడుతూ, లావెక్కుతూ పోతుంది. వెక్‌ట్రిక్ కంపెనీ వాళ్ల ఫొటోవీకార్వ్ అనే ప్రోగ్రాం చేసేది ఇదే, కాకపోతే డబ్బు పెట్టి కొనాలి.

దీనికి 60 డిగ్రీల వీ-బిట్ (V ఆకారపు మొన ఉన్నది) వాడండి. 0.87 మి.మీ. దిగితే 1 మి.మీ. వెడల్పు గీత పడుతుంది. మెషీన్‌తో వచ్చే 20 డిగ్రీల సన్న బిట్‌తో అదే వెడల్పు రావాలంటే రెండున్నర మి.మీ.కు పైగా దిగాలి, చిన్న స్పిండిల్‌కు (బిట్‌ను తిప్పే మోటారుకు) అది భారం. గీతల మధ్య 1.2 మి.మీ. ఇచ్చాను. 120 మి.మీ. వెడల్పు బొమ్మకు వంద గీతలు వచ్చాయి. రెండు మీటర్ల దూరం నుంచి చూస్తే అమ్మమ్మే.

పాత ఫొటో అయితే ఫ్రేమ్‌లోంచి తీసి స్కాన్ చేయించండి. అద్దం మీద ఫోన్‌తో తీస్తే ఆ మెరుపు కూడా గీతల్లోకి వచ్చేస్తుంది. తర్వాత గింప్ అనే ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రాంలో వెనకున్నదంతా చెరిపేసి, నలుపు తెలుపు చేసి, కాంట్రాస్ట్ కళ్లకు కొంచెం ఎక్కువ అనిపించేంత పెంచండి. కళ్లు, పెదవుల అంచుల దగ్గర ఓపిగ్గా కూర్చోండి. మనిషి పోలిక అక్కడే ఉంటుంది.

టేకు మీద మొదలుపెట్టకండి, దాని చారలు ముఖం మీద గీతల్లో కలిసిపోతాయి. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును అదిమి చేసిన పలక) ముక్కకు రంగు పీల్చకుండా సీలర్ కొట్టి, నల్ల పెయింట్ వేసి, రెండు రోజులు ఆరనిచ్చి చెక్కండి. అప్పుడు కోసిన చోటే లేత రంగు బయటపడుతుంది కాబట్టి ఫొటోను ముందే నెగెటివ్ చేయాలి, అంటే నలుపు తెలుపులు తారుమారు చేయాలి. ఇది మర్చిపోయి ఒక ముక్క పాడుచేశాను.

అన్నిటికంటే ముఖ్యం మెషీన్ బల్ల సమంగా ఉండటం. 0.2 మి.మీ. ఎత్తుపల్లం ఉన్నా గీత వెడల్పు 0.23 మి.మీ. మారిపోతుంది, ఒక చెంప పాలిపోయినట్టు కనిపిస్తుంది. ముందు బల్ల మీది చెక్కను ఫ్లాట్ బిట్‌తో చదును చేసుకుని, ముక్కను డబుల్ టేప్‌తో పూర్తిగా అంటించండి. కళ్ల భాగం ఒక్కటే చిన్న ముక్క మీద చెక్కి చూశాక మొత్తం ఫొటో పెట్టండి.