మోకాలి టెండన్ తెగిందని ఆలస్యంగా తెలిసింది.. ఇప్పుడు ఆపరేషన్‌తో బాగవుతుందా?

ప్రశ్న: నా వయసు 48. షుగర్ ఉంది. మూడు నెలల క్రితం మెట్లు దిగుతూ జారి పడ్డాను. ఎక్స్-రే తీసి, ఎముక విరగలేదు, బెణుకే అని కట్టు కట్టారు. వాపు తగ్గింది కానీ నడుస్తుంటే మోకాలు ఉన్నట్టుండి మడత పడిపోతోంది. ఎమ్మారై తీస్తే చిప్ప పైనుండే టెండన్ పూర్తిగా తెగిందన్నారు. ఇంత ఆలస్యంగా ఆపరేషన్ చేస్తే ఉపయోగం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. టెన్షన్ పడకండి, అలాగని ఇంకా వాయిదా వేయకండి. తొడ ముందు కండరాన్ని మోకాలి చిప్పకు కలిపేది ఈ టెండనే, అది తెగితే కండరం ఎంత బిగించినా ఆ బలం కిందికి చేరదు. పూర్తిగా తెగినది మందులతోనో ఫిజియోథెరపీతోనో అతుక్కోదు.

ఇది మొదట్లో దొరక్కపోవడం కొత్తేం కాదు. ఎక్స్-రేలో టెండన్ సరిగా కనిపించదు, చిప్ప పైన పడిన గుంటేమో వాపులో కప్పబడిపోతుంది. పడుకోబెట్టి 'మోకాలు వంచకుండా కాలు పైకెత్తండి' అని అడిగి, మడమ మంచం మీంచి లేవకపోతే అప్పుడే అనుమానించాలి. క్షణాల్లో అయిపోయే ఈ పరీక్ష చేయక ఎంతోమంది నెలలు పోగొట్టుకోవడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

మొదటి రెండు మూడు వారాల్లో అయితే తెగిన కొసను దగ్గరికి లాగి చిప్పకు కుట్టేస్తే సరిపోతుంది. ఇప్పటికి మీ కండరం పైకి ముడుచుకుపోయి, చుట్టూ అతుక్కుని ఉంటుంది కాబట్టి సర్జన్ ముందు దాన్ని విడదీసి కిందికి తేవాలి, అప్పటికీ అందకపోతే టెండన్‌ను కోసి పొడవు పెంచడమో, తొడ వెనక నుంచి తీసిన టెండన్‌తో బలపరచడమో చేస్తారు. ఏది అవసరమో చాలాసార్లు తెరిచి చూశాకే తేలుతుంది. అన్ని అవకాశాల గురించీ ముందే అడిగి తెలుసుకోండి.

తర్వాత సుమారు ఆరు వారాలు కాలు చాపి ఉంచే బ్రేస్ వేసుకోవాలి. వంచడం సర్జన్ చెప్పిన కొలత ప్రకారం కొద్దికొద్దిగానే, తొందరపడి బలవంతంగా వంచితే కుట్టినది మళ్లీ తెగొచ్చు. బలం రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మామూలుగా నడవడం, మెట్లెక్కడం చాలామందికి సాధ్యమవుతుంది కానీ కాలు పూర్తిగా చాపడంలోనో, గొంతుక్కూర్చోవడంలోనో కొంత లోటు మిగలొచ్చు.

షుగర్ అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్ భయమూ ఎక్కువ, అందుకే ఇప్పటినుంచే దాని సంగతి చూసుకోండి. స్టెరాయిడ్లు, సిప్రోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయోటిక్స్ టెండన్‌ను బలహీనపరచగలవు, వాడి ఉంటే సర్జన్‌కు చెప్పండి. ఆపరేషన్ అయ్యేదాకా బ్రేస్, చేతికర్ర లేకుండా మెట్లెక్కొద్దు.