నీటిచుక్క లేని దీవిలో రెండు రాత్రులు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే ఏప్రిల్‌లో మేమిద్దరం వాడి దగ్గరికి వెళుతున్నాము. అక్కడ సముద్రం నడుమ డ్రై టోర్టుగస్ అనే జాతీయ ఉద్యానవనం ఉందనీ, అందులోని ఒక దీవిలో గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉందామనీ చెప్పి, వాడు మా ముగ్గురికీ పడవ టికెట్లు కూడా తీసిపెట్టాడు. ఆ దీవిలో తాగునీరు ఉండదట, అంగడి ఉండదట, ఫోను పనిచేయదట, గ్యాస్ పొయ్యి తీసుకుపోకూడదట. నాకు 58 ఏళ్లు. మావారికి 64 ఏళ్లు, బీపీ మాత్రలు వాడుతున్నారు. గండికోటలో ఒక రాత్రి గుడారంలో పడుకోవడం తప్ప మాకు ఇటువంటివి అలవాటు లేదు. మేము పోవచ్చా? పోతే ఏమేమి సిద్ధం చేసుకోవాలి? స్నానం, మరుగుదొడ్డి సంగతి ఏమిటి?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీవారి బీపీ అదుపులో ఉండి, వైద్యుడు సరేనంటే తప్పకుండా వెళ్లండి. కానీ గుడారం, పరుపు, తిండి గురించి ఆలోచించే ముందు నీళ్ల లెక్క వేసుకోండి. మిగిలిన ఏర్పాట్లన్నీ ఆ లెక్కను బట్టే నిర్ణయమవుతాయి.

ఆ దీవుల పేరులోనే ఈ సంగతి ఉంది. 1513లో స్పెయిన్ నావికుడు హువాన్ పోన్సే దె లియోన్ అక్కడికి చేరినప్పుడు సముద్రపు తాబేళ్లు విస్తారంగా దొరకడంతో వాటికి ‘లాస్ టోర్టుగస్’, అంటే తాబేళ్లు, అని పేరు పెట్టాడు. ఆ తాబేళ్లను చూసి తిండికి లోటు లేదని ఆశపడి వచ్చే నావికులకు మంచినీరు మాత్రం దొరకదని తెలియజేయడం కోసం ‘డ్రై’ అనే మాట తరువాతి కాలంలో పటాలలోకి వచ్చి చేరింది. కీ వెస్ట్ అనే ఊరికి దాదాపు 113 కిలోమీటర్ల పడమట ఉన్న ఈ ఏడు చిన్న దీవులకు పడవలోనో, నీటి మీద దిగే చిన్న విమానంలోనో తప్ప చేరుకునే దారి లేదు. ఉద్యానవనం విస్తీర్ణంలో నేల నూటికి ఒక వంతు కూడా ఉండదు, మిగిలినదంతా సముద్రమే.

మీరు గుడారం వేసుకునేది గార్డెన్ కీ అనే దీవిలో, ఫోర్ట్ జెఫర్సన్ అనే పెద్ద ఇటుకల కోట పక్కన. 1846లో మొదలుపెట్టి సుమారు ముప్పై ఏళ్లపాటు, కోటీ అరవై లక్షలకు పైగా ఇటుకలతో కట్టినా ఆ కోట పూర్తి కాలేదు. దాని కథలో మీకు పనికివచ్చే భాగం నీళ్లదే. కోట పైకప్పు మీద పడిన వాన నీరు గోడలలోని ఇసుక స్తంభాల గుండా వడకట్టుకుని పునాదులలోని తొట్లలోకి దిగి నిలవ ఉండాలని ఇంజనీర్లు ఎంతో తెలివిగా ఏర్పాటు చేశారు. తీరా కోట బరువుకు పునాదులు కుంగి, ఆ తొట్లు పగిలి, వాటిలోకి సముద్రపు నీరు చేరింది. ఉప్పునీటిని ఆవిరి చేసి చల్లార్చే యంత్రాలు పెట్టి మంచినీరు తయారు చేసుకోవలసి వచ్చింది. మీరు చూసిన గండికోటలో కత్తుల కోనేరు, రాయలచెరువు కోట లోపలే ఉండడం ఎంత గొప్ప విషయమో, అక్కడ ఆ ఇటుక గోడల మధ్య నిలబడినప్పుడు మీకు మరింత బాగా తెలుస్తుంది.

ఇక లెక్క. మనిషికి రోజుకు కనీసం ఒక గాలన్, అంటే దాదాపు 3.8 లీటర్ల నీరు తెచ్చుకోవాలని అక్కడివారు చెబుతారు. రెండు రాత్రులంటే మూడు పగళ్లు. గాలి ఎక్కువై, తిరుగు పడవ ఆ రోజుకు రాకపోతే నాలుగో పగలు కూడా అక్కడే గడపవలసి ఉంటుంది. కాబట్టి ముగ్గురికి నాలుగు రోజులకు దాదాపు 46 లీటర్లు, అంటే మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల క్యాన్లు రెండింటికి పైచిలుకే. ఈ నాలుగో రోజు నీటిని ఎవరు ఎన్ని చెప్పినా తగ్గించవద్దని నా గట్టి సలహా. పడవలో మనిషికి ఇరవై ఏడు కిలోల వరకు సామాను తీసుకుపోనిస్తారు, నీళ్లను ఆ బరువులో కలపరు గనుక బరువుకు భయపడి నీళ్లు తగ్గించుకునే అవసరం లేదు. అయితే పెద్ద క్యాన్లు కాకుండా నాలుగైదు లీటర్ల డబ్బాలలో పోసుకోండి. మీ వయసులో వాటిని ఎత్తి దించడం తేలిక, ఒకటి కారినా మిగిలినవి నిలుస్తాయి. నాలుగైదు సీసాల నీటిని ముందురోజే గడ్డకట్టించి తిండి పెట్టెలో పెట్టుకుంటే, మొదటి రోజు అవి పెరుగును, పండ్లను చల్లగా ఉంచుతాయి. మరుసటి రోజుకు కరిగి తాగడానికి పనికివస్తాయి.

తిండిని కూడా నీటి లెక్కతోనే ఎంచుకోవాలి. మనకు ఇష్టమైన ఉగ్గాణిని ఈ రెండు రోజులూ మరచిపొండి. బొరుగులు నానబెట్టిన నీళ్లను పిండి పారబోయడం అక్కడ చేయదగిన పని కాదు. అవే బొరుగులలో వేయించిన చెనిక్కాయలు, పప్పులు, ఉల్లిపాయ ముక్కలు, కాస్త నిమ్మరసం కలిపితే ఒక పూట గడుస్తుంది. సంకటి, అన్నం కూడా నీటినీ నిప్పునూ తినేవే. అబ్బాయి ఇంట్లోనే చింతపండు పులిహోర కలుపుకుని పోతే మొదటి రోజుకు సరిపోతుంది. ఆ తరువాత ఎండబెట్టిన జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, ఓళిగలు, నిప్పట్లు రెండు మూడు రోజులు చెడకుండా ఉంటాయి. ఒక్క మాట: ఊరగాయలు, కారం పొడులు మనం ఇంట్లో తినేంతగా అక్కడ తినకండి. ఉప్పు ఎక్కువైతే దాహం పెరుగుతుంది. మీవారి బీపీకి కూడా అది మంచిది కాదు.

గ్యాస్ డబ్బాలను, ద్రవ ఇంధనాలను పడవలో ఎక్కించనివ్వరు. నేల మీద కట్టెలతో మంట వేయడానికీ వీలు లేదు. గుడారాల స్థలంలో ఇనుప కుంపట్లు ఉంటాయి గనుక, అగ్గిపుల్ల గీస్తే తమంతట తామే అంటుకునేలా తయారైన బొగ్గుల సంచి ఒకటి కొనుక్కుంటే పొద్దున టీ కాచుకోవచ్చు. తిండి పదార్థాలను ప్లాస్టిక్ సంచులలో ఉంచి నిద్రపోకండి. ఆ దీవిలో ఎలుకలూ, చిప్పను వీపున మోసుకుంటూ తిరిగే పీతలూ రాత్రిళ్లు గుడారాల చుట్టూ వెదుకుతూ ఉంటాయి. గట్టి మూతలున్న మన స్టీలు డబ్బాల కన్నా అక్కడికి అనువైనవి లేవు. తిన్న తరువాత మిగిలిన తొక్కలు, కాగితాలు, విస్తరాకులతో సహా ప్రతిదాన్నీ మూటకట్టి మీరే వెనక్కి తెచ్చుకోవాలి, అక్కడ చెత్తకుండీ ఉండదు. గవ్వలూ పగడపు ముక్కలూ మాత్రం ఏరుకుని తేకూడదు.

స్నానం గురించి మీరు అడిగినందుకు సంతోషం, చాలామంది మొహమాటపడి అడగకుండా వెళ్లి ఇబ్బంది పడతారు. దీవిలో స్నానానికి మంచినీరు లేదు. సముద్రంలో మునిగి, తడిగుడ్డతో ఉప్పు తుడుచుకోవడమే స్నానం. అందుకోసం మనిషికి పూటకు ఒక చెంబు నీరు అదనంగా లెక్క వేసుకోండి. మరుగుదొడ్లు ఉన్నాయి గానీ అవి నీళ్లు లేకుండా మలాన్ని ఎరువుగా మార్చేవి కాబట్టి వాటిలో నీళ్లు పోయకూడదు. మనకున్న అలవాటుకు ఇది కష్టమే. తడి కాగితపు రుమాళ్లు తీసుకువెళ్లి, వాడిన వాటిని వేరే సంచిలో కట్టి వెనక్కి తెచ్చుకోండి. పగటి పడవ కట్టి ఉన్న వేళల్లో దీవిలోని దొడ్లు మూసి, అందరినీ పడవలోని వాటినే వాడుకోమంటారు.

మీవారి మాత్రలను వారం రోజులకు సరిపోయేటట్లు తీసుకుని, సగం మీ సంచిలో, సగం ఆయన సంచిలో పెట్టండి. ఆసుపత్రి కీ వెస్ట్‌లోనే ఉంది, అక్కడికి పడవలో రెండు గంటల పైనే పడుతుంది. ఆపద వస్తే దీవిలో ఉండే ఉద్యానవన సిబ్బందే దిక్కు. సముద్రం ఎగసిపడితే వాంతులు అవుతాయి. వాటిని ఆపే మాత్ర ఆయన వాడే మందులతో పడుతుందో లేదో ఇక్కడి వైద్యుడినే అడిగి రాయించుకోండి. ఈ మధ్యకాలంలో ఆయనకు గుండెనొప్పి గానీ, కళ్లు తిరిగి పడిపోవడం గానీ జరిగి ఉంటే రాత్రి బస మానేసి, పొద్దున పోయి సాయంత్రం వచ్చే పడవలో చూసి రండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

గండికోటలో గుడారం వేసిపెట్టేవాళ్లు ఉంటారు. ఇక్కడ గాలిలో మీరే నిలబెట్టుకోవాలి. అందుచేత బయలుదేరే ముందు ఒక రాత్రి అబ్బాయి ఇంటి పెరట్లోనో, దగ్గరలోని ఏ గుడారాల స్థలంలోనో వేసి, అందులోనే పడుకుని చూడండి. నడుము ఒప్పుకుంటుందో లేదో అప్పుడే తేలిపోతుంది. పడవ రోజుకు పదిమంది శిబిరవాసులనే తీసుకువెళుతుంది గనుక మీ అబ్బాయి ముందుగానే టికెట్లు తీసి మంచి పని చేశాడు. గుడారాలకు విడిగా ఉన్న ఎనిమిది స్థలాలు ముందు వచ్చినవారికే దక్కుతాయి. అవి నిండినా పక్కన ఖాళీ జాగా ఇస్తారు, కంగారు పడనక్కరలేదు.

ఇంత శ్రమ దేనికని మీకు అనిపించవచ్చు. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో రోజువారీ సందర్శకులను ఎక్కించుకుని పడవ వెళ్లిపోయాక దీవిలో మిగిలేది గుడారాలవాళ్లూ, కొద్దిమంది సిబ్బందీ మాత్రమే. చీకటి పడ్డాక చుట్టుపక్కల ఎక్కడా ఊరి దీపాలు లేకపోవడంతో ఆకాశం మన చిన్ననాట మిద్దె మీద పడుకుని చూసిన ఆకాశంలాగా నక్షత్రాలతో నిండిపోతుంది. అమావాస్యకు దగ్గరి రోజులైతే పాలవెల్లి స్పష్టంగా కనిపిస్తుంది. పక్కనే ఉన్న బుష్ కీ అనే దీవిలో ఏప్రిల్ నాటికి వేలాది సముద్రపు పక్షులు గుడ్లు పెట్టి పొదుగుతుంటాయి కాబట్టి అక్కడ కాలు పెట్టనివ్వరు, కానీ బైనాక్యులర్ ఉంటే ఒడ్డునుంచే చూడవచ్చు. అవి రాత్రంతా అరుస్తూనే ఉంటాయి, మీకు నిద్ర పలచనైతే చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఉంచుకోండి. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలం కూడా అప్పుడే మొదలవుతుంది. ఇసుక మీద నడిచేటప్పుడు తెల్లటి టార్చి వేయకుండా, ఎర్రటి వెలుగునిచ్చేది వాడితే వాటికి అడ్డం రాదు.

ప్రశ్న: ఇటువంటి శిబిరం మన దేశంలోని జాతీయ ఉద్యానవనాల దీవుల్లో వేసుకోవచ్చా? మేము నలుగురు స్నేహితులం. శ్రీశైలం జలాశయంలోని ఏదైనా దీవికి తెప్పలో పోయి ఒక రాత్రి ఉండాలని అనుకుంటున్నాం.
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: జలాశయం దీవి ఆలోచనను దయచేసి వదిలిపెట్టండి నాయనా. శ్రీశైలం నీటి అంచున ఉన్న అడవి చాలావరకు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం కిందికి వస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేకుండా అభయారణ్యంలో ప్రవేశించడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఈత వచ్చినవాళ్లను కూడా ఆ లోతు నీళ్లు నమ్మించి ముంచుతాయి. గాలి లేచిందంటే తెప్ప మీ మాట వినదు.

మన దేశంలోని దీవుల ఉద్యానవనాలు చాలావరకు రాత్రి బసకు ఒప్పుకునేవి కావు. అండమాన్‌లో వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనంలో పదిహేను దీవులు ఉన్నప్పటికీ, సందర్శకులను జాలీ బోయ్, రెడ్ స్కిన్ దీవులలో ఒకదానికి, అదీ పగటిపూట మాత్రమే తీసుకువెళతారు. ప్లాస్టిక్‌ను దీవిలో వదలకుండా గట్టిగా చూస్తారు. రామేశ్వరం, తూత్తుకుడిల మధ్య ఉన్న మన్నారు సింధుశాఖ ఉద్యానవనంలోని ఇరవై ఒక్క దీవులలో చాలావాటి మీద పర్యాటకులను దిగనివ్వరు. పగడపు దిబ్బలు బతకాలంటే ఆ కట్టడి ఉండవలసిందేనని నా అభిప్రాయం.

మీకు నిజంగా గుడారపు జీవితం నేర్చుకోవాలని ఉంటే గండికోటకు వెళ్లండి, అది మీకు దగ్గరే. కానీ అక్కడ ఒక నియమం మీకు మీరే పెట్టుకోండి: రెండు రోజులకు కావలసిన నీళ్లన్నీ ఇంటి నుంచే మోసుకుపోయి, అక్కడి అంగడిలో ఒక్క సీసా కూడా కొనకుండా, చెత్తనంతా తిరిగి మోసుకురండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు సరిపోయాయా, ఎక్కడ వృథా అయ్యాయి అన్నది కాగితం మీద రాసుకోండి. దూరదేశపు దీవికి పోయే అవకాశం ఎప్పుడైనా వచ్చినప్పుడు మీకు ఆ కాగితం బాగా పనికివస్తుంది.

ప్రశ్న: మా అక్కాబావలు కూడా డ్రై టోర్టుగస్ దీవికే వెళ్తున్నారు. మూడు రోజులు ఫోను ఉండదంటే మా అమ్మ ఇప్పటినుంచే దిగులు పడుతోంది. ఆమెకు ఏమని చెప్పాలి?
– కర్నూలు పాఠకుడు

జవాబు: మాటలతో కాదు, కాగితంతో చెప్పండి. వాళ్లు ఎక్కే పడవ పేరు, బయలుదేరే రోజు, తిరిగివచ్చే రోజు, ఉద్యానవన కార్యాలయం ఫోను నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. తిరిగివచ్చే తేదీ దాటిన వెంటనే ఫోను రాకపోయినా ఆందోళన పడవద్దనీ, గాలుల వల్ల పడవ ఒక రోజు ఆగడం అక్కడ మామూలేననీ ముందే వివరించండి. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రమైతే మనకు తెల్లవారుజాము అవుతుంది, ఈ తేడాను కూడా కలుపుకుని, ఫలానా రోజు పొద్దున వరకు ఎదురుచూడాలని అమ్మ చేతనే క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టించండి.