మూడో గడిలో రాసిన మాట

నల్లకుంట, హైదరాబాద్

చిరంజీవి మాధవికి అమ్మమ్మ ఆశీస్సులు.

యుద్ధం నడుస్తున్న దేశపు సరిహద్దులో, శరణార్థుల శిబిరంలో పని చేయడానికి నీవు వెళ్తున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. గర్వంగానూ ఉంది, గుండె దడగానూ ఉంది. తెల్లవారేదాకా ఆ రెండింటి మధ్యే కొట్టుకుని, చివరికి లేచి కాగితం తీసుకున్నాను.

టీకాలు వేయించుకో. కాచిన నీళ్లే తాగు. తడిసినా తొందరగా ఆరే చెప్పులు కొనుక్కో. పాస్‌పోర్టు నకలు ఒకటి అమ్మ దగ్గర ఉంచు. ఇవన్నీ మీ ఆఫీసు వాళ్లు ఎలాగూ చెబుతారు.

నీకు అప్పగించింది కుటుంబాల నమోదు అట. "అదేముంది, టాబ్లెట్‌లో పేర్లు ఎక్కించడమే" అన్నావట. ఆ మాటకు మాత్రం నాకు కోపం వచ్చింది తల్లీ. యుద్ధంలో సాయం నిలిచినా కూలినా ఆ రాతల దగ్గరే.

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఆక్రమించిన బెల్జియంలో తిండిగింజలు అడుగంటితే, అమెరికావాడైన హెర్బర్ట్ హూవర్ నడిపిన సహాయ కమిషన్ ఓడల్లో పిండి పంపింది. సముద్రాన్ని దిగ్బంధించిన బ్రిటన్ ఆ ఓడలను వదలాలి, నేలను ఆక్రమించిన జర్మనీ ఆ పిండిని ముట్టుకోకూడదు. ఒకరినొకరు చంపుకుంటున్న ఇద్దరి చేతా ఆ ఒప్పందాన్ని నిలబెట్టించింది జాలి కంటే ఎక్కువగా లెక్కేనని నేను నమ్ముతాను. పిండి అయిపోయిన ఖాళీ నూలు సంచులకు కూడా లెక్క చూసేవారు, ఎందుకంటే ఆ నూలు మందుగుండు తయారీకి పనికివస్తుంది. బెల్జియం ఆడవాళ్లు ఆ సంచుల మీద పూలూ కృతజ్ఞతా వాక్యాలూ కుట్టి అమెరికాకు పంపారు. ఆ యుద్ధంలోనే జెనీవాలో రెడ్‌క్రాస్ వాళ్లు సుమారు 20 లక్షల మంది బందీల కోసం 70 లక్షల కార్డులు రాసి, జాడ తెలియని కొడుకుల కబురు తల్లులకు చేర్చారు. అక్కడ రాసిన పేరు ఇళ్లలో దీపం పెట్టింది. నేను రాసిన పేరు ఏం చేసిందో ఇంతవరకూ మీ అమ్మకు కూడా చెప్పలేదు.

1971లో నాకు 23 ఏళ్లు. అప్పటి తూర్పు పాకిస్తాన్, ఇప్పటి బంగ్లాదేశ్‌లో పాకిస్తాన్ సైన్యం దాడులకు జనం సరిహద్దు దాటి మన వైపు వస్తున్న రోజులు. నర్సు శిక్షణ పూర్తి చేసి, మరి కొందరితో కలిసి సికింద్రాబాదులో రైలెక్కి బెంగాల్ వెళ్లాను. మా శరణార్థుల శిబిరం సరిహద్దులోని బొంగావ్ దగ్గర ఉండేది. ఆ వేసవిలో కలరా విజృంభించి సెలైన్ సీసాలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాల్లో నింపి తాగించి వేలమందిని బతికించిన చోటు అదే. మా గుడారంలోనూ ఆ నీళ్లే గ్లాసులతో పట్టేవాళ్లం.

రోగుల రిజిస్టరు నా చేతిలో ఉండేది. మొదటి గడిలో పేరు, రెండో దానిలో ఊరు, మూడో దానిలో బంధువులు. ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును ఒళ్లో పెట్టుకుని, పెద్దవాడు ఆ సైన్యంపై పోరాడే ముక్తిబాహినిలో చేరాడనీ, వాళ్ల నాన్న పొలం వదల్లేక ఊళ్లోనే ఉండిపోయాడనీ చెప్పుకుంది. పక్కనున్న కుర్రవాడు హిందీలో చెబుతుంటే, నేను అదంతా గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో మూడో గడిలో రాశాను. ఎవరూ అడగలేదు. చక్కగా రాస్తానని పేరు తెచ్చుకోవాలనుకున్నాను.

కొన్నాళ్లకు ఒక విదేశీ ఫోటోగ్రాఫర్ వచ్చాడు. రిజిస్టరును వెలుతురు వైపు తిప్పి పట్టుకున్నది నేనే. కొన్ని వారాల తరువాత పత్రికలో పడిన ఆ బొమ్మ ముక్క శిబిరానికి చేరింది. ఆమె పేరు, ఊరు, కొడుకు సంగతి స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎవరో చదివి వినిపిస్తే ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ పేజీ చింపెయ్యమని మాత్రం సైగ చేసింది. చలికాలంలో ఆ ఊరి నుంచి వచ్చినవాడు ఆమె ఇల్లు తగలబడిందనీ, భర్త జాడ లేదనీ చెప్పాడు. పాకిస్తాన్ సైన్యం ఎన్నో ఊళ్లను తగలబెట్టింది. ఇది నా రాత వల్లే జరిగిందని ఎవరూ చెప్పలేరు, కాదనీ చెప్పలేరు. యాభై ఏళ్లు దాటినా ఆ మూడో గడి నా కళ్ల ముందు నుంచి పోలేదు.

మేము రోజూ సాయంత్రం పంపిన తలల లెక్కలు వృథా పోలేదు. అలాంటి శిబిరాలన్నిటి లెక్కలూ కలిసి కోటికి దగ్గరైతే, అక్టోబరు, నవంబరు నెలల్లో ఇందిరాగాంధీ ఆ భారాన్నే యూరప్, అమెరికా రాజధానుల్లో నాయకుల ముందు పెట్టింది. ఆ సంఖ్యకు ఆ తల్లి పేరుతో పని లేదు. కాబట్టి లెక్క ఎంత దూరమైనా పోనీ, పేరు మాత్రం పెట్టె దాటనీయకు. అడగని సంగతి రాయకు. రోజుకొక ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతానన్నావట, ఆ ఆలోచన ఈ రోజే మానుకో. నా చేతిలోని ఒక్క పేజీ కొందరికే కనిపించింది, నీ ఫోను లోకమంతటికీ చూపిస్తుంది.

టీకొట్టు దగ్గరైనా ఎవరిది న్యాయమో మాట్లాడకు. కొరియా యుద్ధానికి 1950లో మన దేశం పోరాడే దళాలను కాక లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌ను పంపింది. 1953లో, స్వదేశం వెళ్లనన్న బందీల తగవు తీర్చే తటస్థ దేశాల కమిషన్‌కు మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడయ్యాడు. తుపాకులు పంపి ఉంటే ఆ పెద్దరికం మనకు దక్కేదని నేననుకోను.

గట్టిగా మందలించాను, మనసు కష్టపెట్టుకోకు. చిన్నప్పుడు కుంటికుక్కకు నా నూలుచీర చింపి కట్టు కట్టినదానివి, నీవు ఈ పనికే పుట్టావని నాకు అప్పుడే తెలుసు. ఆదివారం భోజనానికి రా, పులిహోర చేస్తాను. మీ ఆఫీసు వాళ్లు ఇచ్చిన నమోదు పత్రం కూడా పట్టుకురా. నా కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క గడీ చూసి, ఏవి ఖాళీగా వదలవచ్చో వాళ్లను ఏమని అడగాలో ఇద్దరం కూర్చుని రాసుకుందాం.

నీ అమ్మమ్మ